ఐదో ఫారం రెండుసార్లు: పాత డిటెక్టివ్ నవల మళ్లీ అచ్చు వేసిన నా అనుభవం

పాత డిటెక్టివ్ నవల మళ్లీ వేయాలంటే ఎంత కాలం పడుతుంది, ఎంతవుతుంది అని ఈ మధ్య తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను 2024 జూన్‌లో మొదలుపెట్టాను. 2025 సెప్టెంబరు మొదటి వారంలో పుస్తకాలు ఇంటికొచ్చాయి. అందులో అచ్చుకి పట్టింది పది రోజుల లోపే. మిగతా ఏడాది పైచిలుకు ఎక్కడికి పోయిందో చెప్తాను.

నేను నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ప్రచురణ నా వృత్తి కాదు, ఇంట్లో వాళ్ల లెక్కలో తిక్క. పుస్తకం పేరు, రచయిత పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అమ్మకం ప్రకటనలా ఉంటుంది, పైగా తమ ఇంటి సంగతులు పేరు పెట్టి రాయొద్దని ఆయన పిల్లలు ముందే అడిగారు.

పేరున్న డిటెక్టివ్‌లకి ఢోకా లేదు. యుగంధర్, షాడో లాంటి వాళ్లని పాఠకులు ఇప్పటికీ మర్చిపోలేదు. నా బాధంతా రెండో వరస వాళ్ల గురించి. నెలకో నవల రాసి ఇచ్చేవాళ్లు, అది మద్రాసులోనో బెజవాడలోనో నాసిరకం కాగితం మీద అచ్చయ్యేది, రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో ముప్పావలాకి అమ్ముడుపోయేది, అద్దె లైబ్రరీలో నలిగి నలిగి ఆఖరికి పొట్లాల కాగితమయ్యేది. అమెరికాలో చార్లెస్ ఆర్డై, మాక్స్ ఫిలిప్స్ అనే ఇద్దరు 2004లో హార్డ్ కేస్ క్రైమ్ అని ప్రచురణ సంస్థ పెట్టి, ఇలా మరుగునపడ్డ నేర నవలలకి పాత పద్ధతిలోనే చేత్తో కొత్త అట్టబొమ్మలు వేయించి అమ్మడం మొదలుపెట్టారు. అంత దూరమెందుకు, మనకి మూడు గంటల ప్రయాణంలో ఉన్న చెన్నైలో బ్లాఫ్ట్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు 2008లో తమిళ పాకెట్ నవలల సరుకుని ఇంగ్లీషులోకి తెచ్చి, తమిళం రానివాళ్ల చేత కూడా చదివించారు. మన సరుకుని మనవాళ్ల చేతనే చదివించలేమా అని నాకు పంతం పుట్టింది.

జూన్‌లో ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇస్తున్నారని తెలిసింది. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు అద్దె లైబ్రరీ నడిపారు. ఆయన కొడుకు రెండు గోతాలు చూపించి, "ఏం జేసుకుంటావక్కా ఇవన్నీ? చెద పట్టిపోయుండాయి" అన్నాడు. ఎనిమిది వందలిచ్చి ఆటోలో వేసుకొచ్చాను. సగానికి పైగా నిజంగానే చెద తినేసింది. మిగిలిన వాటిలో 1962 నాటి నవల ఒకటి, 168 పేజీలది, అట్ట ఊడినా లోపల చెక్కుచెదరకుండా ఉంది. రాత్రి రెండింటిదాకా చదివాను. కావలి దగ్గర సముద్రం ఒడ్డున ఒక బంగళా, అందులో హత్య. మన ఊళ్లు, మన బస్సులు, మన ఎండ. పన్నెండో పేజీలోనే ఎవరో మహానుభావుడు ఎర్ర పెన్సిలుతో హంతకుడి పేరు రాసి పెట్టాడు. అయినా ఆపలేకపోయాను.

అద్దె లైబ్రరీ పుస్తకం స్కాన్ చేయడం మామూలు పుస్తకంలా ఉండదు. వాళ్లు పుస్తకం ఊడిపోకుండా మూడు బెజ్జాలు పొడిచి పురికొసతో పక్క కుట్టు వేసేవాళ్లు. ఆ కుట్టు లోపలి మార్జిన్‌ని మింగేస్తుంది. ప్రతి వరసలో మొదటి అక్షరమో చివరి అక్షరమో కనపడదు. బ్లేడుతో కుట్లు కోసి, ఒక్కో కాగితం విడదీసుకోవాలి. కాగితం మడిస్తే అప్పడంలా విరుగుతుంది. అలా విడదీస్తున్నప్పుడే అసలు లోపం బయటపడింది.

పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది కదా, ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఒకటి ఉంటుంది, బైండింగు వాళ్లు వరస తప్పకుండా పేర్చుకోవడానికి. నా కాపీలో నాలుగు తర్వాత ఐదు, ఐదు తర్వాత మళ్లీ ఐదు, ఆ తర్వాత ఏడు. ఆరు లేదు. 65 నుంచి 80 దాకా పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 81 నుంచి 96 దాకా లేనేలేవు. రాత్రి చదివినప్పుడు మధ్యలో ఏదో అతుకు తప్పినట్టనిపించి, రచయిత హడావిడి అనుకుని దాటేశాను. పాత డిటెక్టివ్ నవలలకి ఆఖరి పేజీలు పోతాయని అందరూ భయపడతారు. ఇక్కడ హంతకుడెవరో ఉంది, ఎలా తెలిసిందో లేదు.

జులై, ఆగస్టు ఆరో ఫారం వేటలోనే పోయాయి. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద వెతికిపెట్టాడు. వాడి అదృష్టం, ఒక కాపీ దొరికింది. వీడియో కాల్‌లో పేజీలు తిప్పించాను. అందులోనూ ఐదో ఫారం రెండుసార్లే. అంటే ఆ రోజు బైండింగ్ షెడ్డులో ఒక కట్ట మొత్తం అట్లాగే పోయిందన్నమాట.

సెప్టెంబరులో వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం. 2022లో బాపట్ల జిల్లాలో కలిసింది గానీ మా నోటికి ఇంకా ప్రకాశమే వస్తుంది. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కి చీరాలలో దిగి, ఆటోలో వెళ్తే సరిపోతుంది. పాత పత్రికలు చూడదలచినవాళ్లు పూర్తి రోజు పెట్టుకుని వెళ్లండి, పెన్సిలు తీసుకెళ్లండి. మా నవల అక్కడ లేదు. కానీ అదే కలంపేరుతో 1968లో వచ్చిన ఇంకో నవల ఉంది, దాని ముందు "నా మాట" అని రెండు పేజీలు, కింద రచయిత అసలు పేరు, ఊరు ఒంగోలు అని ఉన్నాయి. నాకు ఒళ్లు ఝల్లుమంది. అప్పటిదాకా ఆ కలంపేరు వెనక ఎవరున్నారో నాకు తెలియదు. ఆ కాలంలో ఒకే కలంపేరుతో ఇద్దరు ముగ్గురు రాయడం కూడా మామూలే.

అక్కడ ఒకాయన, చీరాలలో పాత పుస్తకాలు కూడబెట్టిన పెద్దమనిషి ఉన్నారని చెప్పారు. అదే సాయంత్రం వెళ్లాను. ఆయన దగ్గర మా నవల ఉంది. అంకెలు చూశాను: నాలుగు, ఐదు, ఆరు, ఏడు. అరువివ్వనన్నారు, జిరాక్సుకీ ఇవ్వనన్నారు. తన ముందు గదిలో కూర్చుని ఫోనుతో ఫోటోలు తీసుకోమన్నారు. నేను పుస్తకం కాస్త వెడల్పుగా తెరిచినప్పుడల్లా "వెన్ను విరగ్గొట్టబాకమ్మా" అని చెయ్యి అడ్డం పెట్టారు. చివరికి ఆయన రెండు చేతులతో పుస్తకం సగం తెరిచి పట్టుకుంటే, నేను కిందకి వంగి లోపలి అక్షరాలు పడేలా తీశాను. పదహారు పేజీలకి గంటన్నర పట్టింది. బదులుగా కొత్త పుస్తకం ఐదు కాపీలు అడిగారు. పది ఇస్తానన్నాను.

ఇక వారసులు. అసలు పేరు తెలిసింది, ఊరు తెలిసింది, మనుషులెక్కడ? ముందుమాటలో "తాలూకాఫీసు పని ఒత్తిడిలో" అన్న ఒక్క మాట పట్టుకుని ఒంగోలులో పెన్షనర్ల సంఘానికి వెళ్లాను. పేరు రాసిచ్చి, నా నంబరు ఇచ్చి వచ్చాను. మూడు వారాలు ఏ కబురూ లేదు. దసరా సెలవుల తర్వాత ఒక పెద్దాయన ఫోన్ చేసి, ఆ గుమాస్తా గారి అమ్మాయి ఒంగోలులోనే ఉంటుందని చెప్పారు.

ఆవిడకి డెబ్బై దాటింది. నేను పుస్తకం చూపిస్తే ముందు చేతిలోకి తీసుకోలేదు. "మా నాయన ఈ రాతల సంగతి ఎవురికీ చెప్పబాకండే అనేవాడమ్మా. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోద్దని భయం. తాసిల్దారే ఆ నవలలు తెప్పించుకుని చదవతాడని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది" అన్నారు. ఇంట్లో ఒక్క నవలా లేదు. అమ్మ గొడవ పడి అన్నీ పాత పేపర్లవాడికి వేసేసిందట. కానీ వెనక గదిలో తీగకి గుచ్చిన కాగితాలున్నాయి. కరెంటు బిల్లులు, పన్ను రసీదులు, వాటి మధ్య మనియార్డరు కూపన్లు. ఒకదాని మీద సిరాతో "మొదటి కూర్పునకు గాను రు. 150 పంపితిమి. తరువాతి నవల 10వ తేదీలోగా పంపగలరు" అని ఉంది. ఆ ముక్క ఎంత విలువైందో నాకు తర్వాత గానీ తెలియలేదు.

తెలిసిన వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది అందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. కాపీరైటు రచయిత పోయిన తర్వాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. కలంపేరుతో వచ్చిన పుస్తకానికైతే అచ్చయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అయితే ఆ గడువు లోపల అసలు మనిషెవరో బయటపడితే మొదటి లెక్కే వర్తిస్తుంది. మా నవల 1962లో వచ్చింది. కలంపేరు గుట్టుగా ఉండి ఉంటే 2022 ఆఖరుతో హక్కు తీరిపోయేది. 1968 ముందుమాటలో ఆయనే సంతకం పెట్టి బయటపడ్డారు, 1983లో పోయారు, కాబట్టి 2043 ఆఖరు దాకా వారసులదే. "మీకు ఆ రెండో పుస్తకం దొరక్కపోయుంటే పని సుళువయ్యేది మేడమ్" అని వకీలు నవ్వారు. నాకు మాత్రం దొరకడమే బాగుంది. ఆవిడ ముఖం చూడకుండా ఆ పుస్తకం వేసి ఉంటే నాకు తృప్తి ఉండేది కాదు.

ఇంకో చిక్కు, పుస్తకం లోపల "సర్వస్వామ్య సంకలితము", అంటే హక్కులన్నీ తనవేనని, ప్రకాశకుడి పేరు మీద ఉంది. ఆ మద్రాసు సంస్థ మూతపడి దశాబ్దాలైంది. హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉంటేనే చెల్లుతుందని, అలాంటి కాగితమేదీ ఇంట్లో లేదని, ఉన్న ఒక్క ఆధారం "మొదటి కూర్పునకు" అంటోందని వకీలు ధైర్యం చెప్పారు. ఆ కూపన్‌ని లామినేషన్ చేయించవద్దని, అట్లాగే కవర్లో పెట్టమని కూడా చెప్పారు.

ఒప్పందం నవంబరులో అయిపోతుందనుకున్నాను. ఫిబ్రవరి దాకా సాగింది. వారసులు నలుగురు: ఒంగోలు అమ్మాయి, బెంగుళూరులో ఒక కొడుకు, హైదరాబాదులో ఒకరు, పోయిన మూడో కొడుకు భార్య కర్నూలులో. నలుగురి సంతకాలూ కావాలి. పింఛను కోసం ఎప్పుడో తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వాళ్ల దగ్గర ఉండబట్టి బతికిపోయాం. రాయల్టీ దగ్గర ఎవరూ పేచీ పెట్టలేదు. అట్ట ధర మీద పది శాతం, ముందుగా పది వేలు. ఆగింది ఎక్కడంటే ఓటీటీ దగ్గర. బెంగుళూరు కొడుకు గారు, "రేపు ఎవరన్నా వెబ్ సిరీస్ తీస్తే?" అన్నారు. నాకు ఆ హక్కు వద్దే వద్దన్నాను. "వద్దంటున్నారంటే ఏదో ఉంది" అని ఆయన అనుమానం. డిసెంబరు, జనవరి అంతా ఆ ఒక్క పేరా అటూ ఇటూ తిరిగింది. చివరికి తెలుగులో, అచ్చు పుస్తకంగా మాత్రమే, ఇండియాలో, ఐదేళ్లకి, సినిమా సిరీస్ హక్కులన్నీ కుటుంబానివే అని విడివిడిగా రాశాం. కాలం, ప్రాంతం రాయకపోతే చట్టం తనంతట తనే ఐదేళ్లు, ఇండియా వరకే అనుకుంటుంది. వేరేగా రాసుకోకపోతే, ఏడాది లోపల వాడుకోని హక్కు రద్దయిపోతుంది కూడా. స్టాంపు పేపరు, నోటరీ, ఊళ్లకి కొరియర్లు కలిపి 1,500 దాకా అయింది.

టైపు పని మార్చిలో మొదలైంది. ముందు ఫోటోలని ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాలని టైపుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి, ఇచ్చి చూశాను. అరిగిన సీసం అక్షరాలు, గోధుమ రంగు కాగితం. వత్తులు సగం మింగేసింది, ప, వ, ష కలిపేసింది. దిద్దడం కంటే కొత్తగా కొట్టించడం మేలని స్టోన్‌హౌస్‌పేటలో డీటీపీ చేసే అమ్మాయికి ఇచ్చాను, పేజీకి ముప్పై. అను ఫాంట్స్‌లో కొట్టి యూనికోడ్‌లోకి మార్చింది. ఏప్రిల్ ఆఖరుకి అయింది. ప్రూఫులు నేనూ, నా పాత విద్యార్థులు నలుగురూ చూశాం.

నవలలో తప్పులు బోలెడు. డిటెక్టివ్ అసిస్టెంటు పేరు నలభయ్యో పేజీ నుంచి మారిపోతుంది. బంగళా ముందు ఆగిన అంబాసిడర్, వెళ్లేటప్పుడు ఫియట్ అవుతుంది. ఒంగోలు అమ్మగారిని అడిగితే, "వారంలో రాసేవాడు, మళ్లీ చదువుకోడానికి టైమేదమ్మా" అన్నారు. పేరు సరిచేశాం, కారు వదిలేశాం. పాఠకుడికి ఒక చిన్న దొంగని పట్టుకున్న సరదా ఉండాలి కదా. ట్రంక్ కాల్ అంటే ఏమిటని ప్రూఫు చూసిన పిల్లాడు అడిగాడు, కింద వివరణ పెడదామన్నాడు. వద్దన్నాను. మూడు గంటలు లైను కోసం కూర్చునే సీను చదివితే వాడికే తెలిసింది.

మే నెలలో పని ఆగిపోయింది. కారణం ఒకే ఒక్క పేజీ. హత్య జరిగిన మర్నాడు ఎస్సై, కావలి సెటిల్మెంటు నుంచి, అంటే పుట్టుకతోనే నేరస్తులని ప్రభుత్వం ముద్ర వేసిన తెగలవాళ్లని ఉంచిన కాలనీ నుంచి, ఒకతన్ని పట్టుకొస్తాడు. అది కథలో ఉండాల్సిందే, అతను నిర్దోషి అని తేలడం మీదే కథ తిరుగుతుంది. కానీ ఎస్సై మాటలు కాకుండా రచయిత తన గొంతుతోనే ఆ మనుషుల పుట్టుక గురించి రెండు వాక్యాలు రాశాడు. ఆ పేజీ దిద్దాల్సిన అబ్బాయి ముత్తవ్వ కావలి సెటిల్మెంటులో పెరిగిన మనిషి. వాడు ప్రూఫు కట్ట నా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, ఈ పేజీ నేను దిద్దను" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అలా ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ఈ నవల వచ్చింది పదేళ్ల తర్వాత. చట్టం పోయినా రాసేవాడి చేతిలోంచి అది పోలేదు.

పాత సాహిత్యం ఉన్నదున్నట్టు వేయాలని నేను అంతకు ముందు గట్టిగా వాదించేదాన్ని. ఆ వారం ఎవరితోనూ వాదించే ఓపిక లేకపోయింది. రచన మీద రచయితకి వేరే హక్కు ఒకటుంది, పరువు పోయేలా మార్చడానికి వీల్లేదు, ఆయన తర్వాత అది వారసులు అడగొచ్చు. అందుకే ఒంగోలు వెళ్లి ఆ రెండు వాక్యాలూ అమ్మగారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "తీసెయ్యమ్మా. తీసేశామని కూడా రాయి" అన్నారు. అట్లాగే చేశాను. ఎస్సై మాటలు ఉంచాను, అవి ఎస్సైవి. ముందు పేజీలో ఏం తీశామో, ఎందుకు తీశామో, ఆ చట్టం ఏమిటో అరపేజీ రాశాను. ఎందుకు తీశావని తిట్టినవాళ్లున్నారు, మిగతాదెందుకు ఉంచావని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆ అబ్బాయి మిగిలిన పేజీలన్నీ దిద్దాడు. ఆ పేజీ నేను దిద్దాను.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకం మీద వేసే గుర్తింపు నంబరుకి, డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఎవరన్నా వేలు అడిగితే ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్ల సైటులో ప్రచురణకర్తగా నమోదు చేసుకోవాలి. నాకు దాదాపు మూడు వారాలు పట్టింది.

అట్టబొమ్మ దగ్గర మాత్రం పండగ చేసుకున్నాను. ఒకప్పుడు నెల్లూరు సినిమా హాళ్లకి బ్యానర్లు రాసిన ఆర్టిస్టు ఒకాయన, ఫ్లెక్సీలొచ్చాక స్కూలు గోడల మీద దేశనాయకుల్ని వేసుకుంటున్నారు. ఆరు వేలకి ఒప్పుకున్నారు. చేతిలో టార్చి పట్టుకున్న అమ్మాయి, వెనక బంగళా, సముద్రం. "పిస్తోలు ఎట్టా ఉంటాదో ఒక ఫోటో పంపు మేడమ్, మనం హీరోల చేతిలో పెట్టిందంతా ఊహే" అన్నారు. ఎరుపు ఆయన కలిపి వేసింది చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. విజయవాడ ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులో అది ఇటుక రంగులోకి దిగింది. స్క్రీను మీద కనిపించే రంగు సిరాలో రాదని పుస్తకాల్లో చదివినా, చూస్తే ఏడుపొచ్చింది. ప్రెస్సులో పనిచేసే ఆయనే దారి చెప్పాడు: "మ్యాట్ లామినేషన్ వేస్తే ఉన్న రంగు కూడా చస్తాది, గ్లాసీ వేయించండి." ఇప్పుడు మర్యాదస్తుల పుస్తకాలన్నీ మ్యాట్‌లోనే వస్తాయి. మనది మర్యాదస్తుల పుస్తకం కాదు కదా, గ్లాసీనే వేయించాను. తళతళలాడింది.

192 పేజీలు, సరిగ్గా 12 ఫారాలకి సర్దాం. 500 కాపీలు. పేజీలు ఫారం లెక్కకి కుదరకపోతే మిగిలిన తెల్ల కాగితానికి కూడా డబ్బులు కడతాం, అందుకే లేఔట్ అప్పుడే చూసుకోవాలి. అచ్చు, కాగితం, బైండింగు, పన్ను కలిపి 38,000. పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు గానీ అచ్చు పని బిల్లులో ఉంటుంది, అది మన నెత్తినే. టైపు ఆరు వేలు, బొమ్మ ఆరు వేలు, లేఔట్ 2,500, అడ్వాన్సు పది వేలు, కాగితాల ఖర్చు 1,500, పార్సిలు 1,200. మొత్తం 65 వేల పైన తేలింది. కాపీ 130 పడింది. ధర 180 పెట్టాను. షాపులవాళ్లు నలభై శాతం అడుగుతారు, అంటే మన చేతికి 108. ప్రతి కాపీకి ఇరవై పైగా నష్టానికి షాపులో పెట్టాలన్నమాట. ఎకనామిక్స్ చెప్పేదాన్ని, ఈ లెక్క ముందే వేసుకున్నాను. అయినా వేశాను. నేరుగా అమ్మడమొక్కటే దారి.

పుస్తకాలు ఇంటికి రాగానే చేసిన మొదటి పని, ప్రతి కట్టలోంచీ రెండేసి కాపీలు లాగి 65 నుంచి 96 దాకా పేజీలు తిప్పి చూడటం. అన్నీ ఉన్నాయి. ఒక కట్ట దారిలో వానకి తడిసి పదో పన్నెండో కాపీలు ఉబ్బిపోయాయి, అవి కాలేజీ పిల్లలకి పంచాను.

పోస్టు ఖర్చుకి భయపడ్డాను. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది: 300 గ్రాముల లోపు ఇరవై రూపాయలు, పన్ను అదనం. మన పుస్తకం రెండొందల గ్రాములే. అయితే అది విద్య, సాంఘిక, సాంస్కృతిక, మత గ్రంథాలకి. కౌంటర్లో ఆయన అట్ట మీద టార్చి అమ్మాయినీ, నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది ఏ కోవలోకి వస్తుంది మేడమ్?" అన్నారు. నెల్లూరు జిల్లా సాంస్కృతిక చరిత్ర అన్నాను, మొహం మార్చకుండా. ఆయన లోపల ఐదారు పేజీలు తిరగేసి, ప్రచురణకర్త పేరుందా లేదా చూసి తీసుకున్నారు. మీరు కట్టలు కట్టుకుని వెళ్లేముందు ఒక కాపీ చూపించి అడగండి. ఇంకో సంగతి, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలని 1954 నుంచీ చట్టముంది. చిన్న ప్రచురణకర్తలకి ఇది ఎవరూ చెప్పరు.

కొన్నది ఎవరు? కుర్రవాళ్లు కొంటారనుకున్నాను. మొదటి వంద కాపీలూ అరవై దాటినవాళ్లే తీసుకున్నారు. తర్వాత వాళ్ల మనవలు. ఒక మనవరాలు, "ఇందులో ఎవరికీ ఫోన్ లేదు కాబట్టే హత్య కుదిరింది" అని మెసేజ్ పెట్టింది, విమర్శ అంటే అదీ. కందుకూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, తన దగ్గర పాత కాపీ ఉందని, ఐదో ఫారం రెండుసార్లు పడిందని, కాబట్టి కొత్త పుస్తకం అక్కర్లేదు, ఆ పదహారు పేజీలు మాత్రం పంపితే ఎంతని అడిగారు. బేరమాడాను. ఆయన దిగలేదు. జిరాక్సు తీయించి పంపాను, పోస్టు ఖర్చు మాత్రం ఫోన్‌పే చేశారు. చీరాల పెద్దమనిషికి పది కాపీలూ చేతికే ఇచ్చి వచ్చాను. ఆయన ముందు ఆరో ఫారం వాసన చూసి, సిరా ఎక్కువైందన్నారు.

ఒంగోలు అమ్మగారికి అడ్వాన్సులో ఆవిడ వాటా, పది కాపీలు ముట్టాయి. ఐదు వందల కాపీలకి రాయల్టీ తొమ్మిది వేలు, ఇచ్చిన పది వేలు దాన్ని దాటిపోయాయి కాబట్టి ఈ కూర్పుకి ఇంక లెక్క లేదు. పక్కింటివాళ్లకి ఒక కాపీ ఇచ్చారట. ఎవరిదని అడిగితే "మా నాయనదే" అని చెప్పానని ఫోన్లో చెప్పారు.

మూడు వందల పైచిలుకు కాపీలు పోయాయి. పెట్టిన డబ్బు ఇంకా మొత్తం తిరిగి రాలేదు. రెండో పుస్తకం టైపు కూడా అయిపోయింది గానీ దాని రచయిత వారసులు ఎవరూ తేలలేదు. అలాంటి వాటికి చట్టంలో దారి ఉంది: దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఇంగ్లీషు దినపత్రికలో ఒకసారి ప్రకటన వేసి, కోర్టులో లైసెన్సుకి అడగాలి. ఇంగ్లీషు పత్రికవాళ్లు ప్రకటనకి చెప్పిన ధర నా అచ్చు ఖర్చుని మించింది. అది పక్కన పెట్టాను. మూడో పుస్తకం వారసులు సింగరాయకొండలో ఉన్నారని తెలిసింది. వచ్చే ఆదివారం వెళ్తున్నాను, ఈసారి ఓటీటీ పేరా ముందే రాసుకుని.